లెమన్స్ రేసులో మీ ఇంజిన్ ఆదివారం సాయంత్రం దాకా బతకాలంటే

ఐదొందల డాలర్ల కారుతో రెండు రోజుల రేసు అనగానే కొత్తగా వచ్చేవాళ్లు ముందు అడిగేది హార్స్ పవర్ ఎంత, టైర్లు ఏవి అని. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఇంజిన్ ఇంకా తిరుగుతా ఉంటదా అని మాత్రం ఎవరూ అడగరు, నిజానికి అడగాల్సింది అదే. 24 అవర్స్ ఆఫ్ లెమన్స్ 2006లో కాలిఫోర్నియాలో మొదలైంది, పేరులో 24 గంటలు ఉన్నా ఎక్కువ రేసులు శని, ఆదివారాల్లో పగటిపూటే, రెండు రోజులూ కలిపి 14, 15 గంటలు. సగటున 5000 ఆర్‌పీఎమ్ (నిమిషానికి తిరుగుళ్లు) వేసుకుంటే ఆ 15 గంటల్లో క్రాంకు, అంటే పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు, 45 లక్షల సార్లు తిరగాలి. ఆఫీసుకి, కాస్ట్‌కోకి వెళ్లడానికి చేసిన ఇంజిన్ అది.

మేం డాలస్ వైపు నలుగురు తెలుగువాళ్లం, కారు 1994 బీఎమ్‌డబ్ల్యూ ఈ36 325, ఎమ్50 ఇంజిన్. రెండు ఇంజిన్లు పోగొట్టుకున్నాం, రెండూ పవర్ ఎక్కువై పోలేదు, ఒకటి నీళ్లు పోయి, ఒకటి ఆయిల్ అందక. ఇక్కడ రాసేదంతా ఆ కారు పట్టుకునే రాస్తున్నా, మీది మాజ్డా మియాటా అయినా హోండా అయినా భాగాల పేర్లు మారతాయి గానీ చేసే పని వరస ఇదే.

ముందు ఇంజిన్‌ని పరీక్ష చెయ్యండి, విప్పొద్దు

జంక్‌యార్డ్ నుంచి తెచ్చిన ఇంజిన్ అయినా, కారుతోపాటు వచ్చిందైనా, చూడగానే అంతా విప్పి కొత్త బేరింగులు వేసేద్దాం అనిపిస్తది. ఆగండి. ఫ్యాక్టరీలో బిగించి ఎవరూ ముట్టుకోని ఇంజిన్, గరాజ్‌లో మనం మొదటిసారి కట్టిన ఇంజిన్ కన్నా ఎక్కువ రోజులు బతకడం నేను చాలాసార్లు చూశా. బేరింగు క్లియరెన్సు, అంటే బేరింగుకీ క్రాంకుకీ మధ్య సందు, ఇంచిలో వెయ్యో వంతు లెక్కల్లో ఉంటది, కొలిచే సామాను, కొలిచిన అలవాటు లేకుండా ఆ పని పెట్టుకోవద్దు.

విప్పకుండా చెయ్యాల్సింది లీక్‌డౌన్ టెస్ట్. ఇంజిన్ వేడి చేసి, ఒక్కో సిలిండర్ పిస్టన్‌ని కంప్రెషన్ స్ట్రోక్‌లో పైకి తెచ్చి, స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి 100 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) గాలి పెట్టండి, ఎంత శాతం కారిపోతుందో గేజ్ చూపిస్తది. 10 శాతం లోపు అయితే హాయిగా వాడుకోవచ్చు, 20 దాటితే ఆ ఇంజిన్‌తో రేసుకి వెళ్లొద్దు. గాలి ఎక్కడినుంచి బుసకొడుతుందో చెవి పెట్టి వినండి: ఆయిల్ పోసే మూత దగ్గరైతే రింగులు, సైలెన్సర్ గొట్టంలో అయితే ఎగ్జాస్ట్ వాల్వు, ఇన్‌టేక్ వైపైతే ఆ వాల్వు, రేడియేటర్ నీళ్లలో బుడగలు వస్తే హెడ్ గాస్కెట్, అంటే ఇంజిన్ బ్లాకుకీ దాని మీది హెడ్డుకీ మధ్య ఉండే పట్టీ. పది నిమిషాలు చెవి పెడితే ఇంజిన్ తన జబ్బు తనే చెప్తది.

నీళ్లు

మా మొదటి ఇంజిన్ పోయింది ఇలా. శనివారం మధ్యాహ్నం, కారులో ఉన్నవాడు రేడియోలో "అన్నా, ఇందాకటి దాకా టెంపరేచర్ ఎక్కువ చూపించింది, ఇప్పుడు తగ్గింది, బానే ఉంది" అన్నాడు. నేను కూడా "సరే, లాగించు" అన్నా. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంటది. రెండు ల్యాపుల తర్వాత బానెట్ లోంచి తెల్ల పొగ. ఏమైందంటే రేడియేటర్ మీద పై పైపు తగిలించే ప్లాస్టిక్ గొట్టం విరిగిపోయి నీళ్లన్నీ బయటికి పోయాయి. సెన్సర్ నీళ్లలో మునిగి ఉన్నప్పుడే నీళ్ల వేడి చెప్పగలదు, నీళ్లు పోయాక దాని చుట్టూ ఉన్నది ఆవిరి, గాలి, అందుకే ముల్లు కిందకి పడింది. ఇనప బ్లాకు మీద అల్యూమినియం హెడ్డు, హెడ్డు వంగిపోయింది, గాస్కెట్ కాలిపోయింది.

కాబట్టి మీ డ్రైవర్లందరికీ ఇది కంఠస్థం చేయించండి: ఏ కారణం లేకుండా టెంపరేచర్ ఉన్నట్టుండి పడిపోయిందంటే నీళ్లు పోయినట్టే, ఇంజిన్ వెంటనే ఆపాలి. దీనికి మంచి మందు కూలెంట్ ప్రెషర్ స్విచ్. వేడెక్కిన సిస్టమ్‌లో ప్రెషర్ ఉంటది కదా, పైపు ఊడినా, గొట్టం విరిగినా ముందు పోయేది ఆ ప్రెషరే, స్విచ్‌కి ఒక లైటు కడితే టెంపరేచర్ గేజ్ అబద్ధం చెప్పే లోపే అది వెలుగుద్ది.

ఈ36లో ప్లాస్టిక్ ఎక్కడెక్కడ ఉందో అక్కడంతా ప్రమాదం ఉంది. రేడియేటర్ గొట్టాలు, ఎక్స్‌పాన్షన్ ట్యాంకు, థర్మోస్టాట్ హౌసింగ్, కొన్ని వాటర్ పంపుల లోపల తిరిగే రెక్కలు కూడా. రేడియేటర్ అల్యూమినియంది, థర్మోస్టాట్ హౌసింగ్ అల్యూమినియంది, పంపు లోహపు రెక్కలది వేసుకోండి, పైపులూ క్లాంపులూ అన్నీ ఒకేసారి కొత్తవి. పాతది బానే ఉంది కదా అని ఒక్క పైపు వదిలేస్తే రేసులో చీలేది ఆ పైపే. ముందున్న ఫ్యాను పగిలితే రేడియేటర్‌ని కోసేస్తది, అది తీసేసి ఎలక్ట్రిక్ ఫ్యాను పెట్టుకున్నవాళ్లే ఎక్కువ, మేమూ అదే చేశాం.

రేడియేటర్ చుట్టూ సందులు మూసెయ్యండి. గాలి బంపర్‌లోంచి వచ్చి రేడియేటర్ పక్కనుంచి జారిపోతే ఎంత పెద్ద రేడియేటర్ పెట్టినా దండగ. సన్నటి అల్యూమినియం రేకు కత్తిరించి నాలుగు పక్కలా గోడలు కట్టండి, సందుల్లో స్పాంజ్ పట్టీ దూర్చండి. ఖర్చు చాలా తక్కువ, రేడియేటర్ మార్చినంత తేడా మాకు దీంట్లోనే కనిపించింది.

చాలా ట్రాకుల్లో గ్లైకాల్ కూలెంట్ పోయనివ్వరు, కింద పడితే సబ్బు నీళ్లలా జారుద్ది, తుడిచినా పోదు. డిస్టిల్డ్ వాటర్‌లో వాటర్ వెట్టర్ లాంటి వేడి తగ్గించే ద్రవం కలిపి పోస్తారు. మంచి మూత ముఖ్యం, 15 పీఎస్ఐ మూత నీళ్లు మరిగే వేడిని దాదాపు 45 డిగ్రీల ఫారెన్‌హీట్ పైకి జరుపుద్ది, మూత రబ్బరు ఎండిపోతే ఆ లాభమంతా పోయినట్టే. నీళ్లు నింపాక కారు ముందు భాగం ఎత్తులో పెట్టి, క్యాబిన్ హీటర్ ఫుల్‌లో పెట్టి, బ్లీడ్ స్క్రూలోంచి బుడగలు ఆగేదాకా గాలి తియ్యండి. దీనికి అరగంట పట్టుద్ది, తొందరపడొద్దు.

ఆయిల్, ఇక్కడే అసలు కథ

మంచి టైర్లతో కారు మలుపులో ఒక జీ (తన బరువంత బలం) పక్కకి లాగిందంటే చాంబర్‌లో, అంటే ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే తొట్టిలో, ఆయిల్ మట్టం 45 డిగ్రీలు వాలిపోద్ది. ఒక గ్లాసులో సగం నీళ్లు పోసి 45 డిగ్రీలు వంచి చూడండి, కింద ఒక మూల ఎలా ఖాళీ అవుద్దో. ఆయిల్ పీల్చుకునే గొట్టం మూతి ఆ ఖాళీ మూలలో ఉంటే పంపు గాలి పీలుస్తది. 6000 ఆర్‌పీఎమ్ అంటే సెకనుకి 100 తిరుగుళ్లు. పొడుగాటి మలుపులో ఒకటిన్నర సెకను గాలి పీల్చిందంటే 150 సార్లు కనెక్టింగ్ రాడ్ బేరింగు ఆయిల్ పొర లేకుండా క్రాంకు మీద రాసుకున్నట్టు. ఒక్కసారికి పోదు, ప్రతి ల్యాపులో అదే మలుపులో కొంచెం కొంచెం అరిగి మూడో గంటలోనో ఏడో గంటలోనో పోద్ది. అందుకే "సడన్‌గా పోయింది బ్రో" అన్నప్పుడు నేను నమ్మను, డ్రైవర్‌కి తెలిసింది సడన్‌గా, బేరింగు పొద్దుటినుంచీ చస్తానే ఉంది.

చెయ్యాల్సిన పనులు. చాంబర్‌లో బాఫిల్ వెయ్యండి, అంటే ఆయిల్‌ని గొట్టం మూతి చుట్టూ పట్టి ఉంచే గోడలు, తలుపులు. వీలైతే అక్యూసంప్ లాంటి ఆయిల్ నిలవ చేసే సిలిండర్ పెట్టుకోండి, ప్రెషర్ పడిపోయిన క్షణంలో అది తన దగ్గరున్న ఆయిల్‌ని బేరింగులకి తోస్తది. రెండూ కుదరకపోతే డిప్‌స్టిక్ పై గీత మీద ఒక అర లీటరు ఎక్కువ పోసి నడపండి, ట్రాకు మీద ఈ36 నడిపేవాళ్లు చాలామంది అలాగే చేస్తారు, కానీ లీటర్లకి లీటర్లు పోస్తే క్రాంకు దాన్ని చిలికి నురగ చేస్తది, నురగతో బేరింగు బతకదు.

ఎమ్50కి ఇంకో జబ్బుంది, ఈ కారు కొన్న ప్రతివాడూ తెలుసుకోవాలి. ఆయిల్ పంపుని తిప్పే పళ్ల చక్రాన్ని పట్టి ఉంచే ఒక్క నట్టు. ఎక్కువసేపు హై ఆర్‌పీఎమ్‌లో ఉంచితే ఆ అదురుకి అది వదులైపోయి ఊడిపోద్ది, చక్రం జారిపోద్ది, పంపు ఆగిపోద్ది, ఆయిల్ ప్రెషర్ సున్నా. అది రివర్స్ మర నట్టు, మామూలుగా విప్పబోతే ఇంకా బిగుసుకుంటది. దాన్ని చేరాలంటే ఇంజిన్‌ని పైనుంచి వేలాడగట్టి, ముందు సబ్‌ఫ్రేమ్ కిందకి దించి, చాంబర్ తియ్యాలి. మాకు శనివారం పొద్దున నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా పట్టింది. చాంబర్ ఎలాగూ తీశారు కాబట్టి బాఫిల్ అప్పుడే వెయ్యండి, నట్టుకి, షాఫ్ట్‌కి రంధ్రం పొడిచి సేఫ్టీ వైరు కట్టండి. మా రెండో ఇంజిన్ పోయింది ఈ నట్టు వల్లే, మొదటి ఇంజిన్ మార్చేటప్పుడు చాంబర్ తియ్యడానికి బద్ధకించాం, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాం.

ఆయిల్ ఏది పొయ్యాలి అని కొట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. మేం 15డబ్ల్యూ-50 సింథటిక్ పోస్తాం, కొందరు డీజిల్ ట్రక్కుల ఆయిల్ పోస్తారు, అదీ నడుస్తది. బ్రాండు కన్నా వేడి ముఖ్యం. ఆయిల్ 250 ఫారెన్‌హీట్ దగ్గర నిలబడితే సంతోషం, 280కి వెళ్తుందంటే ఆయిల్ కూలర్ పెట్టాల్సిందే.

గేజ్‌లు, లైట్లు

ఫ్యాక్టరీ గేజ్‌ల్ని నమ్మొద్దు. ఈ36 టెంపరేచర్ ముల్లు నడిమధ్యలో అలా కూర్చునే ఉంటది, నీళ్లు బాగా వేడెక్కినా కదలదు, కదిలేసరికి ఆలస్యం అయిపోయి ఉంటది. ఆయిల్‌కి గేజే లేదు, ఎర్ర లైటు మాత్రమే, అది ప్రెషర్ దాదాపు అయిపోయాక వెలుగుద్ది. మియాటా వాళ్లకి ఇంకో మాట, 1995 నుంచి వచ్చిన మియాటాల్లో ఆయిల్ గేజ్ లోపల ఉన్నది ఉత్త స్విచ్, ముల్లు నిజం ప్రెషర్ చూపించదు.

మూడు గేజ్‌లు పెట్టండి: నీళ్ల వేడి, ఆయిల్ వేడి, ఆయిల్ ప్రెషర్. బిగించేటప్పుడు గేజ్‌నే తిప్పి, అంతా బాగున్నప్పుడు మూడు ముళ్లూ నిటారుగా 12 గంటల వైపు చూసేలా పెట్టండి, డ్రైవర్ అంకె చదవక్కర్లేదు, ఏ ముల్లు వంగిందో కంటి చివర్లో తెలుస్తది. అన్నిటికన్నా ముఖ్యం ఒక పెద్ద ఎర్ర లైటు, చింతగింజంత కాదు నిమ్మకాయంతది, సరిగ్గా కళ్ల ముందు, 20 పీఎస్ఐ స్విచ్‌కి కట్టి. హెల్మెట్ పెట్టుకుని, చెమట కళ్లలోకి కారుతా, పక్కన ఇంకో కారు తోసుకొస్తుంటే ఎవరూ గేజ్ చూడరు, లైటు మాత్రం చూడక తప్పదు. ఐడిల్‌లో వెలిగితే పర్లేదు. మలుపులో ఒక్క మెరుపు మెరిసినా ఆ ల్యాపులోనే పిట్‌కి, అంటే ట్రాకు పక్కన కారు ఆపి చూసుకునే చోటికి, రావాలి.

ప్రెషర్ ఎంతుండాలి అంటే పాత లెక్క ఒకటుంది, ప్రతి 1000 ఆర్‌పీఎమ్‌కి 10 పీఎస్ఐ. 6000 దగ్గర 60 ఉంటే నిశ్చింత.

డ్రైవర్లని కూర్చోబెట్టి చెప్పాల్సినవి

ఇంజిన్ లోపల రాడ్ల మీద పడే లాగుడు ఆర్‌పీఎమ్ వర్గంతో పెరుగుద్ది. 6500కి బదులు 5800 దగ్గర గేరు మారిస్తే ఆ భారం ఐదో వంతు తగ్గుద్ది. ఈ ఇంజిన్‌కి గరిష్ఠ పవర్ వచ్చేదే 5900 దగ్గర, అంటే ఆ పైన అరిచే అరుపుకి మీకు వచ్చేది చాలా తక్కువ. మేం 6000 దగ్గర షిఫ్ట్ లైటు పెట్టాం, ల్యాపుకి సెకను లోపే పోయింది, అది పిట్‌లో ఒక స్టాప్ చక్కగా చేస్తే తిరిగొచ్చే టైము.

ఆర్‌పీఎమ్ హద్దు దాటనివ్వని రెవ్ లిమిటర్ ఉంది కదా అనుకోవద్దు. అది పెట్రోల్ ఆపగలదు గానీ టైర్లు వెనకనుంచి తిప్పే ఇంజిన్‌ని ఆపలేదు. ఈ36లో మూడులో 6000 దగ్గరున్నప్పుడు నాలుగు అనుకుని రెండులో పడితే ఇంజిన్ సుమారు 9000కి వెళ్లిపోద్ది. వాల్వులు పిస్టన్లకి తగులుతాయి, రాడ్లు సాగుతాయి, ఇందాక చెప్పిన నట్టు కూడా అప్పుడే వదులవుద్ది. డ్రైవర్‌కి నేర్పండి: మూడు నుంచి నాలుగుకి గేర్ నాబ్‌ని పిడికిలి బిగించి పట్టుకోవద్దు, రెండు వేళ్లతో తిన్నగా వెనక్కి లాగాలి, పక్కకి ఏ బలమూ పెట్టకూడదు, లోపలి స్ప్రింగే దాన్ని మధ్య దారిలో ఉంచుద్ది. కారు వైపు నుంచి కొత్త ఇంజిన్ మౌంట్లు, గేర్ బాక్స్ మౌంట్లు, షిఫ్టర్ బుష్షులు. పాతబడ్డ మౌంట్లతో ఇంజిన్ మలుపులో పక్కకి ఒరిగితే గేర్ల దారి కూడా దాంతోపాటే జరుగుద్ది, అప్పుడు మంచి డ్రైవర్ కూడా తప్పు గేరులో వేస్తాడు.

తప్పు గేరు వేసినవాడు దాచకుండా చెప్పాలి, చెప్పినవాడిని తిట్టొద్దు. ఇది నేను గట్టిగా నమ్ముతా. తిడతారని భయపడి నీళ్లు నమిలితే తర్వాతి డ్రైవర్ అదే ఇంజిన్‌ని ఫుల్ థ్రాటిల్‌లో పెడతాడు, రాడ్డు బ్లాకు చీల్చుకుని బయటికొస్తది, ఆయిల్ ట్రాకంతా పారుద్ది, వెనక వచ్చేవాళ్లు దాని మీద జారతారు.

రేసు నడుస్తున్నప్పుడు

ప్రతి పావుగంటకి మెయిన్ స్ట్రెయిట్ చివర, బ్రేక్ పట్టే ముందు డ్రైవర్ మూడు అంకెలు చదవాలి, పిట్‌లో ఉన్నవాడు కాగితం మీద రాయాలి. ఒకే చోట, ఒకే ఆర్‌పీఎమ్ దగ్గర, లేకపోతే పోల్చలేం. మా ఒక కాగితం మీద నీళ్ల వేడి ఫారెన్‌హీట్‌లో 205, 207, 212, 219 అని ఉంది. ఒక్కో అంకె చూస్తే ఏమీ కాదు, నాలుగూ వరసగా చూస్తే ఎక్కడో కారుతుంది అని అరుస్తుంది. పిలిచి చూస్తే ఒక క్లాంపు వదులు, పానా పట్టుకుని బిగించడానికి రెండు నిమిషాలు. ఆయిల్ ప్రెషర్ కూడా అంతే, వేడెక్కేకొద్దీ కొంచెం తగ్గి ఒకచోట నిలబడాలి. వేడి అదే ఉండి ప్రెషర్ మాత్రం 58, 55, 51 అని దిగుతా ఉంటే బేరింగులు వదులవుతున్నాయి లేదా ఆయిల్ అయిపోతుంది.

గీతలు ముందే గీసుకోండి. నీళ్లు 220 అయితే 5500 దాటొద్దు, ముందు కారు తోక పట్టుకుని వెళ్లకుండా పక్కకి జరిగి చల్లగాలి తీసుకోవాలి, 230 అయితే లోపలికి. రేసు మధ్యలో ఆలోచించడం మొదలుపెడితే ఇంకో ల్యాప్ చూద్దాం అనే అనిపిస్తది, అందరికీ అంతే, అందుకే శుక్రవారం రాత్రే రాసి డ్యాష్‌బోర్డు మీద అంటించెయ్యాలి.

పిట్‌కి వచ్చే ముందు అర ల్యాప్ మెల్లగా రండి. పెట్రోల్ కొట్టేటప్పుడు ఇంజిన్ ఆపాలి, నీళ్లు తిరగడం ఆగిపోద్ది, లోహంలో ఉన్న వేడంతా నిలబడ్డ నీళ్లలోకి దిగుద్ది. ప్రతి స్టాప్‌లో ఆయిల్ చూడండి, బెల్టులు చూడండి, కారు కింద తడి ఉందేమో కార్డ్‌బోర్డు ముక్క వేసి చూడండి. వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత మాత్రం ఎవరూ తియ్యకూడదు, ముఖం కాలిపోద్ది. పెట్రోల్ ట్యాంకు పావు దగ్గరికి వచ్చాక పొడుగు మలుపుల్లో ఇంజిన్ దగ్గినట్టు అవుతుంటే అది కూడా పట్టించుకోవాలి, పెట్రోల్ సరిగా అందక మిశ్రమం పల్చనైతే పిస్టన్లు కాలతాయి.

శబ్దం వచ్చిందా

పైనుంచి సన్నగా టిక్ టిక్ అంటే చాలాసార్లు హైడ్రాలిక్ లిఫ్టర్, ఆయిల్ మట్టం చూసి నడుపుకోవచ్చు. కిందనుంచి లోతుగా, రోకలితో దంచినట్టు డక్ డక్ అని, యాక్సిలరేటర్ కొంచెం తొక్కి వదిలినప్పుడు ఎక్కువ వినిపిస్తుంటే అది రాడ్ బేరింగు. ఖాయం చేసుకోవాలంటే ఐడిల్‌లో ఒక్కో సిలిండర్ కాయిల్ కనెక్టర్ పీకండి, ఏది పీకితే దంచుడు మెత్తబడిందో ఆ సిలిండర్ బేరింగు. ఇక ఆ ఇంజిన్‌ని తిప్పొద్దు. ఇప్పుడు ఆపితే బ్లాకు, హెడ్డు దక్కుతాయి.

ట్రాకు మీద ఉండగా వస్తే క్లచ్ తొక్కి, ఇంజిన్ ఆపేసి, రేసింగ్ లైన్ వదిలి, జెండాలు పట్టుకున్న వర్కర్లు ఉన్న చోటికి దొర్లించుకుంటూ వెళ్లి ఆగండి. పిట్ దాకా లాక్కురావాలని చూడొద్దు, కారే ఆయిల్ వేడి ఎగ్జాస్ట్ మీద పడితే మంట. దిగమంటే దిగిపోండి, కారు సంగతి తర్వాత.

స్పేర్ ఇంజిన్, హాయిస్ట్ తెచ్చుకున్నారా, రాత్రి ఉంది. లెమన్స్‌లో ఇలా తెల్లారేదాకా బాగుచేసి మళ్లీ ట్రాకెక్కేవాళ్లకి హీరోయిక్ ఫిక్స్ అని అవార్డే ఉంది. స్పేర్ ఇంజిన్‌కి లీక్‌డౌన్, నట్టు, గాస్కెట్లు అన్నీ ఇంటి దగ్గరే అయిపోయి ఉండాలి. రాత్రి పదకొండింటికి టార్చ్ లైటు వెలుగులో చాంబర్ విప్పే పరిస్థితి తెచ్చుకోవద్దు. పాత ఆయిల్ కూలర్ వాడొద్దు, పోయిన ఇంజిన్ లోహపు పొడి దాంట్లో దాక్కుంటది, ఎంత కడిగినా పోదు, కొత్త బేరింగుల్ని తినేస్తది.

ఇంటికొచ్చాక

ఆయిల్ వేడిగా ఉన్నప్పుడే దించండి, మధ్యలో ఒక చిన్న సీసా పట్టండి, ఇండియానాలో బ్లాక్‌స్టోన్ అనే ల్యాబ్ ఉంది, పోస్టులో పంపితే ఇనుము, రాగి, సీసం ఎంతెంత ఉన్నాయో రిపోర్టు ఇస్తారు. ఒక రిపోర్టు కన్నా వరసగా మూడు రేసుల రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుంటే బాగా అర్థమవుద్ది. ఎమ్50 ఫిల్టర్ కాగితం ఎలిమెంటే కాబట్టి డబ్బా కోసే పని లేదు, మడతల్ని కత్తితో కోసి, వైస్‌లో నొక్కి ఆయిల్ పిండేసి, ఎండలో పరిచి వంచి వంచి చూడండి. నల్ల పొడి పర్లేదు. మెరుపులుంటే మాగ్నెట్ పెట్టండి, అంటుకుంటే ఇనుము, అంటుకోకుండా రాగి రంగులో తళుక్కుమంటే బేరింగు పై పొర అరిగి లోపలి పొర బయటపడిందని అర్థం, చాంబర్ దించి బేరింగులు చూడాల్సిందే.

చివరిగా ఆ డిస్టిల్డ్ వాటర్ సంగతి. అది ఉత్త నీళ్లు, గడ్డకడుద్ది. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ అంతా మంచు కప్పినప్పుడు రేసు కారుని బయట షెడ్డులో అలాగే వదిలేసిన ఒకాయన బ్లాకు నిలువునా చీలింది, ఇంజిన్ అంతకుముందు రేసు మొత్తం ఒక్క చుక్క కార్చకుండా పూర్తి చేసింది. అక్టోబర్ రేసు అయ్యాక నీళ్లు దించేసి, మామూలు యాంటీఫ్రీజ్ పోసి, హీటర్ ఫుల్‌లో పెట్టి పది నిమిషాలు తిప్పండి, స్టీరింగ్‌కి ఒక కాగితం కట్టండి, "గ్లైకాల్ ఉంది, ట్రాకుకి ముందు మార్చాలి" అని.